సోనాపూర్ ఒడ్డున దొరికిన పుర్రె: అది దేనిదో తెలిసేదాకా నా అనుభవం

సముద్రం ఒడ్డున ఏదో పుర్రె దొరికితే అది ఏ జంతువుదో చెప్పడానికి తెలిసినవాళ్ళకు గంట కూడా పట్టదు. ఆ తెలిసినవాళ్ళ దాకా చేరి పేరు తెలుసుకోవడానికి నాకు దాదాపు నెల పట్టింది. ఈలోపు ఇంట్లో గొడవ, పోలీసుల టెన్షన్, కాగితాల పని అన్నీ చూశాను. ఒడిశాలోని గంజాం తీరంలో, అటు ఇచ్ఛాపురం వైపు తిరిగేవాళ్ళలో రేపు ఇంకెవరికైనా ఇలాంటిదే దొరకొచ్చు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నవంబరు 9, ఆదివారం. కార్తీక మాసం. బరంపురం నుంచి మేము, ఇచ్ఛాపురం నుంచి అక్కా బావా వాళ్ళు వచ్చి సోనాపూర్ దగ్గర కలిశాం. సముద్రస్నానం చేసి, సరుగుడు తోటలో భోజనాలు చేసి, చీకటి పడకముందే ఇళ్ళకు చేరాలన్నది ప్లాను. స్నానాలయ్యాక మేనల్లుడూ నేనూ బాహుదా నది కలిసే వైపు నడుస్తున్నాం. వాడు ముందు వెళ్ళి ఆగిపోయి, "మావయ్యా, ఇదేటి?" అన్నాడు.

ఇసుకలోంచి గుండ్రటి ఎముక ఒకటి పైకి కనిపిస్తోంది. చుట్టూ ఇసుక తీస్తే మొత్తం బయటపడింది. జానెడు పొడవుంది. వెనక భాగం గుండ్రంగా, నున్నగా ఉంది. ముందు పొట్టి మూతి. నడినెత్తి మీద పక్కపక్కనే రెండు కన్నాలు. కింది దవడ లేదు. పై దవడ అంచుల వెంట రెండు పక్కలా చిన్న చిన్న గుంటలు వరసగా ఉన్నాయి, అన్నిటి నిండా ఇసుకే. రంగు బూడిద తెలుపు, అక్కడక్కడ పసుపు మరకలు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురిగిన నూనె వాసన కొట్టింది.

తోటలోకి తిరిగొచ్చి చెప్తే అందరూ లేచి చూడ్డానికి వచ్చారు. బావ వంగి చూసి, మెల్లగా, "చిన్నపిల్లాడిది కాదు కదరా?" అన్నాడు. అంతే, అక్క పిల్లల్ని వెనక్కి లాగేసింది. ఆ గుండ్రటి నెత్తి, ఆ రెండు కన్నాలు చూస్తే నాకూ గుండె జారింది. ఒక క్షణం కళ్ళ ముందు పోలీస్ స్టేషను, వాయిదాలు అన్నీ తిరిగాయి.

కాస్త దూరంలో పడవ నీడన వల బాగు చేసుకుంటున్న ముసలాయన్ని పిలిచాం. ఈ తీరంలో చేపలు పట్టేవాళ్ళలో చాలామంది మన తెలుగువాళ్ళే, ఒడియావాళ్ళు నోలియాలంటారు. ఆయన పుర్రెను కాలితో కూడా ముట్టకుండా చుట్టూ ఒకసారి తిరిగి, "మనిషిది కాదు బాబూ, భయపడకండి. మనిషికి నెత్తి మీద ముక్కుంటాదా?" అన్నాడు.

మేము కళ్ళనుకున్నవి ముక్కు రంధ్రాలు. కళ్ళ చోటు పక్కలకు, బాగా కిందకు ఉంది. ఆయన చెప్పాక చూస్తే ఇందాక ఎలా కనిపించలేదా అనిపించింది.

"అయితే ఏ జంతువు తాతా?"

"నీళ్ళ పైకొచ్చి గాలి పీల్చుకుని పోయేదే. మేం అన్నిటినీ డాల్ఫినే అంటాం. ఎందుకొచ్చిన గొడవ బాబూ, నీళ్ళల్లో పడేసి పోండి. ఫారెస్టోళ్ళు వచ్చి ఎవరి వలలో పడిందని మమ్మల్నడుగుతారు."

ఆయన భయం ఉత్తిది కాదు. గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ కోసం రుషికుల్య, దేవి, ధమ్రా నదీముఖాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా చేపల వేట మీద ఆంక్షలుంటాయి. ఆ నెలల్లో ఒడ్డున ఏ కళేబరం కనిపించినా ముందు చూపు వలలవాళ్ళ మీదకే పోతుంది. అందుకే చూసినవాళ్ళు కూడా చెప్పరు.

బావకు తెలిసిన వకీలు గుమాస్తా ఒకాయన ఉన్నారు. అక్కడి నుంచే ఫోన్ చేశాం. ఆయన చెప్పింది ఇదీ: వన్యప్రాణి ఏదైనా చచ్చి దొరికితే, దాని ఎముక అయినా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం అది ప్రభుత్వ ఆస్తి. చేతికి వచ్చిన 48 గంటల్లో దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ, అటవీ శాఖలో అధికారం ఉన్నవాళ్ళకు గానీ తెలియజేయాలి. అడిగితే అప్పగించాలి. ఇక డాల్ఫిన్ల జాతంతా షెడ్యూల్ 1 కిందకు వస్తుంది, అంటే పులికి ఏ రక్షణో వీటికీ అదే. "ఇచ్ఛాపురం మాత్రం తీసుకురాకండి. ఒడిశాలో దొరికింది, ఒడిశాలోనే చెప్పండి. రాష్ట్రం దాటిస్తే ఎక్కణ్ణుంచి తెచ్చారో మీరే రుజువు చేసుకోవాలి" అన్నారు. అప్పటికే బావ దాన్ని ఇంటికి తీసుకెళ్ళి షోకేసులో పెట్టాలని ఉత్సాహపడుతున్నాడు. ఆ ఉత్సాహం అక్కడే చల్లారింది.

పోటు ఎక్కుతోంది. అక్కడే వదిలేస్తే రాత్రికి సముద్రం లాక్కుపోతుంది. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి, పుర్రె ఉన్న చోట ఉన్నట్టే నాలుగు ఫొటోలు తీశాను. వెనకాల పడవలు, సరుగుడు చెట్లు పడేలా ఇంకొకటి తీశాను. తర్వాత అటవీ శాఖ ఆఫీసులో అందరూ చూసింది ఈ చివరి ఫొటోనే. తర్వాత చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని పుర్రెను సంచిలో పెట్టాను.

అసలు యుద్ధం ఇంటి దగ్గర మొదలైంది. "కార్తీక మాసంలో పుర్రె గడప దాటి లోపలికొస్తే నేను దాటి బయటికెళ్తా" అంది అమ్మ. మా ఆవిడది వేరే బాధ, వాసన. పెయింటు బకెట్లో పెట్టి, మూతేసి, మూత మీద ఇటుక పెట్టి మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఉంచాను. పొద్దున్నకి చీమలు బారులు తీరాయి. వీటి ఎముకల్లో నూనె నిలవుంటుందట, నెలల తరబడి కారుతూనే ఉంటుందట. కారు డిక్కీలో పరిచిన గోనెసంచి మీద కూడా ఆ మరక ఇంకా ఉంది. బ్లీచింగ్ పౌడర్లో నానబెట్టమని ఒకరు, సోడా వేసి మరిగించమని ఒకరు సలహా ఇచ్చారు. మన ఆస్తి కానిదాన్ని ఉడకబెట్టడమెందుకని ఊరుకున్నాను. బ్లీచింగ్ ఎముకను లోపల్నుంచి తినేస్తుందని తర్వాత తెలిసింది.

సోమవారం కొట్టుకు సగం పూట సెలవు పెట్టి అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్ళాను. నేను బట్టల కొట్లో లెక్కలు రాస్తాను, పెళ్ళిళ్ళ సీజన్లో సెలవంటే యజమాని మొహం చూడలేం. ఆఫీసులో సారు ఫీల్డుకు వెళ్ళారు. గుమాస్తా ఫొటో చూసి దరఖాస్తు రాసుకు రమ్మన్నాడు. ఒడియా మాట్లాడ్డమంటే గడగడా మాట్లాడతాను గానీ రాత అంతంత మాత్రం. ఎదురుగా జిరాక్స్ షాపు కుర్రాడు 50 రూపాయలకు నీటుగా రాసిచ్చాడు. ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు, ఎందుకు తీశాం అన్నీ రాయించాను. రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద స్టాంపు వేయించుకున్నాను. ఇది మాత్రం మర్చిపోకండి. స్టాంపు వేయడానికి కాస్త నసిగాడు, 48 గంటల మాట ఎత్తితే వేశాడు. నా గుండె మీద బరువు దిగింది ఆ స్టాంపు పడ్డాకే.

బుధవారం, 12న, బకెట్ తీసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి సారు ఉన్నారు. మొదటి పది నిమిషాలు ప్రశ్నలు కాస్త గట్టిగానే పడ్డాయి. ఇలాంటివి ఎన్ని ఏరారు, ఎవరైనా కొంటామన్నారా అని. ఎముకలు, గవ్వలు అమ్మేవాళ్ళుంటారు కాబట్టి అడగడంలో తప్పు లేదు గానీ, లెక్కలు రాసుకునేవాణ్ణి, నాకు ముచ్చెమటలు పట్టాయి. దరఖాస్తు, ఫొటోలు చూశాక మెత్తబడ్డారు. టీ కూడా తెప్పించారు. ఇద్దరు సాక్షులతో కాగితం రాసుకుని సంతకాలు తీసుకున్నారు. పుర్రె తీసి బల్ల మీద పెట్టాక బకెట్ అడుగున గోలీకాయంత రాయి లాంటిది మిగిలింది. ఎముకలా తేలిగ్గా లేదు, గులకరాయిలా బరువుగా ఉంది. పారేయబోతుంటే సారే ఆపి, దాన్ని కూడా చిన్న కవర్లో వేయించారు. రిజిస్టర్లో మాత్రం "గుర్తు తెలియని సముద్ర జంతువు పుర్రె" అని ఎక్కింది. స్టోరు గదిలో, ఎప్పటివో దుంగల చీటీల పక్కన పెట్టి తాళం వేశారు.

చట్టం ప్రకారం నా పని అక్కడితో అయిపోయింది. కానీ ఆ "గుర్తు తెలియని" అన్న మాట నన్ను పడుకోనివ్వలేదు.

వాట్సాప్‌లో పెడితే ఒక్కొక్కరూ ఒక్కో మాట. పంది అన్నారు, మొసలి పిల్ల అన్నారు, గద్ద అన్నారు. ఫోన్లో ఫొటో పెట్టి వెతికితే ఒకసారి పక్షి అని, ఇంకోసారి డైనోసార్ అని వచ్చింది. మేనల్లుడు డైనోసార్ దగ్గరే సెటిలైపోయాడు. తాబేలన్నవాళ్ళూ ఉన్నారు. మా తీరంలో అది సహజం. 2025 ఫిబ్రవరిలో ఒక్క రుషికుల్య ఒడ్డునే ఆరు లక్షలకు పైగా తాబేళ్ళు గుడ్లు పెట్టాయి. కానీ తాబేలుకు పళ్ళుండవు, చిలక ముక్కు లాంటి మూతే. దీనికి పళ్ళ గుంటలున్నాయి. ఎక్కువమంది తేల్చింది మాత్రం చిలికా డాల్ఫిన్ అని. చిలికాలో ఉండే ఇరవాడీ డాల్ఫిన్‌కు మూతి పొడుచుకు రాదు, తల గుండ్రంగా ఉంటుంది. నేనూ అదేననుకుని దాదాపు స్థిరపడ్డాను. దాని గురించి చదివితే ఇంకో సంగతి తెలిసింది. ఆ జాతిని 1866లో రిచర్డ్ ఓవెన్ మొదటిసారి వర్ణించింది మన విశాఖపట్నం రేవులో 1852లో దొరికిన నమూనాను చూసేనట! బర్మా నది పేరు పెట్టుకున్న జంతువు లెక్క మొదలైంది మన దగ్గర.

అనుకోవడం వేరు, తేలడం వేరు. బరంపురం పక్కనే భంజ విహార్‌లో యూనివర్సిటీ ఉంది, అందులో మెరైన్ సైన్స్ చెప్తారు. గోపాలపూర్‌లో జువలాజికల్ సర్వే వారి కేంద్రం ఉంది. ఇంత దగ్గర్లో ఇన్ని పెట్టుకుని ఫోన్లో డైనోసార్లు వెతుక్కోవడం ఏమిటనిపించింది. మా వీధిలో ఎమ్మెస్సీ చదివే అమ్మాయిని అడిగితే, "అన్నయ్యా, మా సీనియర్‌కు పంపిస్తాను, ఆయన ఎవరికైనా పంపిస్తారు" అంది. ఫొటోలు అలా ఒకరి నుంచి ఒకరికి వెళ్ళి, సముద్ర క్షీరదాల మీద పనిచేసే ఒక మేడం దగ్గరకు చేరాయి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. పది రోజుల పైనే ఎదురుచూశాక జవాబొచ్చింది. చూస్తే: "డాల్ఫిన్‌కు దగ్గరి జాతే. కానీ ఈ ఫొటోలతో ఏదని చెప్పలేను."

నేను తీసినవన్నీ నిలబడి పైనుంచి ఏటవాలుగా తీసినవి. కొలతకు పక్కన మా వాడి చెప్పు పెట్టాను. మేడం అడిగినవి వేరు. నెత్తి మీద నుంచి నిట్టనిలువుగా ఒకటి. తిరగేసి అంగిలి వైపు ఒకటి. ఎడమ పక్క నుంచి, వెనక నుంచి, మూతి ఎదురుగా ఒక్కొక్కటి. ప్రతి ఫొటోలో పుర్రెతో సమానమైన ఎత్తులో స్కేలు ఉండాలి. ఫోను దగ్గర పెట్టి తీస్తే మూతి లావుగా, వెనక భాగం చిన్నగా వంకరగా వస్తుంది కాబట్టి నాలుగడుగులు దూరం జరిగి జూమ్ చేయాలి. నీడ పడకూడదు, ఫ్లాష్ వాడకూడదు. అన్నిటికంటే ముఖ్యం, పళ్ళు. "ఒక్క పన్ను మిగిలినా చాలు" అని రాశారు.

పుర్రె స్టోర్లో ఉంది. ఫొటోలు తీసుకోవడానికి ఇంకో దరఖాస్తు, జిరాక్స్ కుర్రాడికి ఇంకో యాభై. స్టోరు తాళం ఉన్నతను చెల్లెలి పెళ్ళికి ఊరెళ్ళాడు. వారం పోయింది. సారు మాత్రం "దేనిదో తేలితే మాకూ మంచిదే కదా" అని వెంటనే ఒప్పుకున్నారు. డిసెంబరు మొదటి వారంలో ఒక మధ్యాహ్నం, ఆఫీసు వరండాలో నల్ల గుడ్డ పరిచి, మా అమ్మాయి జామెట్రీ బాక్సులోంచి తెచ్చిన స్కేలు పెట్టి ఫొటోలు మొదలుపెట్టాను. ఇద్దరు గార్డులు గొడుగు పట్టుకుని ఎండ పడకుండా నిలబడ్డారు.

తిరగేసి అంగిలి వైపు తీస్తుంటే గుంటల్లో ఇసుక అడ్డొచ్చింది. ఈ నెలరోజుల్లో నూనె, ఇసుక కలిసి గట్టిపడ్డాయి. మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా దులిపాను. గుంట తర్వాత గుంట ఖాళీగానే కనిపిస్తోంది. పళ్ళన్నీ సముద్రంలోనే రాలిపోయి ఉంటాయి. ఎడమ వైపు వరసలో వెనక్కు వెళ్ళాక ఒక చోట బ్రష్‌కు ఏదో తగిలింది. ఊదితే ఇసుక లేచిపోయింది. గుంటలో పన్ను! బియ్యపు గింజంత కూడా లేదు. కుదురు సన్నగా ఉంది. కొన దగ్గర మాత్రం రెండు పక్కలా నొక్కినట్టు పలచబడి, వెడల్పయింది. గార్డు వంగి చూసి, పార మొనలా ఉందన్నాడు ఒడియాలో. నా చెయ్యి వణుకుతోంది, ఫోకస్ కుదరడం లేదు. చివరికి ఫోనును బల్ల అంచుకు ఆనించి తీశాను. ఆ గులకరాయి లాంటిదాన్ని కూడా కవర్లోంచి తీసి నాలుగు వైపులా తీశాను.

సాయంత్రం పంపాను. అన్నం ముందు కూర్చున్నాను, ముద్ద ఇంకా కలపలేదు, జవాబు వచ్చేసింది. "ఫిన్‌లెస్ పోర్‌పస్. అనుమానం లేదు."

పోర్‌పస్ అంటే డాల్ఫిన్‌కు దగ్గరి చుట్టమట. డాల్ఫిన్ పళ్ళు కోసుగా, మొన తేలి ఉంటాయట. పోర్‌పస్ పళ్ళు పక్కలకు నొక్కుకుపోయి, కొన వెడల్పుగా ఉంటాయి. గార్డు అన్న మాటే పుస్తకాల్లోనూ రాస్తారని చెప్పారు. ఇంకో గుర్తు, ముక్కు రంధ్రాలకు ముందు ఎముక మీద రెండు చిన్న బొడిపెలు. నేను అన్నిసార్లు చేత్తో తడిమి కూడా వాటిని లెక్క చెయ్యలేదు. ఇరవాడీకి ఆ బొడిపెలుండవు, పైగా ఎదిగినదాని పుర్రె దీనికంటే బాగా పెద్దది. గులకరాయి సంగతి చెబితే ఆవిడ ఫోనే చేశారు. అది చెవి ఎముక. ఈ జాతుల్లో చెవి ఎముక పుర్రెకు గట్టిగా అతుక్కుని ఉండదు, ముందుగా రాలిపోయేది అదే. చాలా దట్టంగా ఉంటుంది. జాతి తేల్చడానికి అది కూడా పనికొస్తుందట. పారేయకుండా ఆపిన సారుకు ఆ మాట చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది.

పేరు తెలిసిన రాత్రి దాని గురించి చదువుతూ కూర్చున్నాను. వీపు మీద రెక్క ఉండదు. ఎక్కువగా ఐదున్నర అడుగుల లోపే ఉంటుంది. ఒడ్డుకు దగ్గరగా, లోతు తక్కువ నీళ్ళలోనే బతుకుతుంది. డాల్ఫిన్లలా ఎగిరి దూకదు. అందుకే ఇన్నేళ్ళుగా గోపాలపూర్ ఒడ్డున కూర్చుని పల్లీలు తిన్న నేను దాని పేరే వినలేదు. మన చట్టంలో మాత్రం దానికి చోటుంది. ప్రాణం తీసేది ఎక్కువగా చేపల కోసం వేసే గిల్‌నెట్లే. చిక్కుకుంటే గాలి కోసం పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. మరి ఇది కూడా అలాగే పోయిందా అని మేడాన్ని అడిగాను. "పుర్రెను చూసి అది చెప్పలేం. కళేబరం తాజాగా ఉన్నప్పుడు చూసుంటే వల గుర్తులు తెలిసేవి. ఆడదో మగదో కూడా దీంతో తెలియదు" అన్నారు. పన్ను కోసి చూస్తే లోపలి పొరల లెక్కను బట్టి వయసు తెలుస్తుందట. ఉన్నది ఒక్కటే పన్ను, దాన్ని కోయడానికి మళ్ళీ పైనుంచి అనుమతులు కావాలి. వయసు తెలియకపోయినా ఫరవాలేదనుకున్నాం.

మేడం రెండు పేరాల ఉత్తరం రాసిచ్చారు. అది పట్టుకెళ్ళి ఇస్తే, సంక్రాంతి ముందు రిజిస్టర్లో ఆ వరసకు ఎదురుగా ఎర్ర సిరాతో పేరు రాసి సంతకం పెట్టారు. "ఎవరి వలలో పడింది" అన్న విచారణ మాత్రం ఎవరూ చేయలేదు. ఆ సంగతి చెప్పడానికి సోనాపూర్ వెళ్తే ముసలాయన "అయితే సరే బాబూ" అని రెండు గుప్పెళ్ళు కవ్వళ్ళ చేపలు చేతిలో పెట్టి, డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

డబ్బు ఖర్చు పెద్దగా ఏమీ కాలేదు. ఆటోలు, పెట్రోలు, దరఖాస్తులు, కలర్ ప్రింట్లు కలిపి వెయ్యి దాటి ఉంటుంది. కొట్లో పోయిన సగం పూటల జీతం వేరే. కారు వాసన పోగొట్టడానికి మా ఆవిడ కొన్న అగరొత్తులు, కర్పూరం ఈ లెక్కలో వేయలేదు.

మీ చేతికి ఇలాంటిది దొరికితే ముందు అటవీ శాఖ నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళు రాగలిగితే దాన్ని కదపకుండా ఉంచడమే మేలు. అది ఉన్న చోటి ఇసుకలో చేత్తో వెతికి, గులకరాళ్ళలా కనిపించేవి కూడా చూపించండి. నా ఫొటోల కథ తెలిశాక తెలిసినవాళ్ళంతా నాకే పంపిస్తున్నారు. మొన్న గోపాలపూర్ నుంచి బావ స్నేహితుడు అర్ధరాత్రి ఒకటి పంపి, "ఇది కూడా షెడ్యూల్ 1 ఏనా, 48 గంటలు మొదలైనట్టేనా?" అని కంగారు పడ్డాడు. నెత్తి మీద రెండు కొమ్ముల మొదళ్ళు స్పష్టంగా ఉన్నాయి. మేకది, పడుకో అని చెప్పాను.